లెక్కకు వచ్చు దినము

మంచు కురియు దేశములలో చలికాలము ముగిసి, కొండచరియలపై పచ్చిక మరల కనబడునప్పటికి, స్కీయింగు నభ్యసించువారు ఒకరినొకరు అడుగుకొను ప్రశ్న యొకటి కలదు. ఈ యేడు నీకెన్ని దినములైనవి? అని. ఎంత దూరము పోయితివి, ఏ కొండనుండి దిగితివి, ఎన్నిమారులు పడితివి అని కాదు, దినములెన్ని యనియే. ఒకడు ఇరువది యనును, ఒకడు నూరనును. నూరు దాటినవానిని తక్కినవారు కొంత గౌరవముతోను కొంత అసూయతోను చూతురు. అంతలో నెవడో యొకడు మెల్లగా, ఆ నూటిలో నిజమైన దినములెన్ని యని యడుగును. వాదము అక్కడ మొదలగును. అది యొక్క సాయంకాలముతో తీరునది కాదు.

ఈ వాదముతో మనకేమి పని యని చదువరులడుగవచ్చును. లంబసింగి వంటి మన్యపు గ్రామములలో శీతకాలపు వేకువను గడ్డిపై నేర్పడు తెల్లని పొర తప్ప మంచనగా నెట్టిదో తెలుగుదేశ మెఱుగదు. ఐనను రామకోటి వ్రాయు ముసలమ్మ యున్న యింట పెరిగినవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మనసు వంటయింటిమీదను చేయి కాగితముమీదను ఉండగా వ్రాసిన నామములు కోటిలో చేరునా, చేరవా? కునికిపాటులో వ్రాసిన పుట మాట యేమి? ఆమెను లెక్క యడుగు అధికారి యెవడును లేడు. ఐనను ఆమె యొక పుటను కొట్టివేసి మరల వ్రాయుట మనలో ననేకులు చూచియున్నారు. మన యింటి యుదాహరణములను మనమెప్పుడును పక్షపాతముతోనే చూతుము గనుక, పరుల క్రీడను ముందుంచుకొని యాలోచించుట మేలని మాకు తోచినది. దూరపు కొండలు నునుపు అను సామెత యుండనే యున్నది. ఈ కొండలు నిజముగనే నునుపైనవి.

స్కీలనగా బూట్లకు బిగించుకొను సన్నని పొడవైన బద్దలు. ముందుకొన పైకి వంగియుండును. వానిపై నిలిచి మంచుమీద జారుటయే స్కీయింగు. పూర్వము వీనిని ఒక్క కఱ్ఱతోనే చేసెడివారు. ఇప్పుడు కఱ్ఱ, లోహము, ప్లాస్టిక్కు, గాజునార కలిపి చేయుచున్నారు. జారుటకు ముందు ఎక్కవలెను. ఈ చిన్న సంగతిలోనే చిక్కంతయు నున్నది.

మొదట యంత్రము చేయు లెక్కను చూతము. ఇప్పుడు పెద్ద స్కీ కేంద్రములలో టికెట్టనగా జేబులో నుంచుకొను నొక కార్డు. దానిలో రేడియో చిప్పు ఉండును. కొండపైకి గొనిపోవు లిఫ్టు వాకిటనున్న గేటు ఆ చిప్పును చదివి తనంతట తెఱచుకొనును. అమెరికాలోని వెయిల్ సంస్థ 2010 లో ఎపిక్‌మిక్స్ అను పేర నొక యేర్పాటు చేసి, తన కొండలకు వచ్చినవారు ఎన్ని దినములు వచ్చిరో, మొత్తముమీద ఎన్ని అడుగుల యెత్తు దిగిరో వారికే చూపసాగెను. యంత్రమునకు సందేహములు లేవు. ఉదయమున నొక్కమారు గేటు దాటి, పైనున్న ఫలహారశాలలో కాఫీ త్రాగుచు కూర్చుండి, మరల లిఫ్టులోనే దిగివచ్చినవానికిని ఒక దినమే. చేతులు కొంకర్లుపోవు చలిలో పొద్దు వాలువఱకు జారినవానికిని ఒక దినమే. ఇందు యంత్రము చేసిన తప్పు లేదు. సంస్థకు కావలసిన సంగతిని అది సరిగనే లెక్కించుచున్నది. హోటలువాడు భోజనపు టికెట్లను లెక్కించును గాని ఎవడు కడుపునిండ తినెనో లెక్కింపడు, లెక్కింప నక్కఱలేదు. తినినవాడు సైతము తన ఆకలి తీరినదో లేదో తెలిసికొనుటకు టికెట్టువంక చూచుట మొదలిడినప్పుడు గదా మనము జాలిపడవలసినది!

యంత్రముతో తృప్తిపడనివారు తమ తమ శాసనములను తామే చేసికొన్నారు. బూటు బిగించి మంచుపై నొక్కమారు జారిన చాలునని యొకడు. మొదటి లిఫ్టునకు వచ్చి కడపటి లిఫ్టు వఱకు నిలువనిది దినమే కాదని వేఱొకడు. ఇన్ని వేల అడుగుల యెత్తు దిగినగాని యొప్పుకొనమని కొందఱు. లిఫ్టెక్కిన దినము లెక్కలోనికే రాదు, కాళ్లతో నెక్కి దిగినదే దినమని మఱికొందఱు. ప్రతివాడును తన శాసనము న్యాయసమ్మతమనియే వాదించును. కాని ఒక్కటి గమనింపదగినది: ఇందు దాదాపు ప్రతివాని శాసనమును వాని వసతికి సరిపోయియే యుండును. కొండ క్రింద కాపురముండువాడు అరపూట దినమును దినమనును. ఆఱుగంటలు కారు నడుపుకొని వచ్చువాడు అరపూటను ఒప్పుకొనడు. మోకాళ్లు గట్టివైనవాడు గంటలను లెక్కించును. ముదుసలి జ్ఞాపకములను లెక్కించును.

దినములు లెక్కించుటను ఎఱుగనివారు ఈ విద్యలో నెట్లుండిరో చూచినయెడల మనకు కొంత వెలుగు దొరకును. నార్వే దేశమున టెలిమార్కు సీమలో 1827 లో పుట్టిన యాన్ టోర్‌స్టైన్‌సన్ ర్యూ అను నతడు బాల్యముననే కుటుంబముతో అమెరికా చేరెను. అక్కడివారు అతనిని స్నోషూ థాంప్సన్ అని పిలిచిరి. కాలిఫోర్నియాకును తూర్పు లోయలకును నడుమ సియెరా నెవాడా పర్వతములు అడ్డుగానున్నవి. చలికాలమున దారి మూసుకొనిపోగా, ఉత్తరములు నెలల తరబడి నిలిచిపోయెడివి. 1856 మొదలుకొని యిరువది శీతకాలములు ఇతడు తాను చెక్కుకొనిన బరువైన స్కీలు తొడిగి, వీపున తపాలామూట కట్టి, సుమారు 90 మైళ్ల దారిని దాటెను. పోవుటకు మూడు దినములు, వచ్చుటకు రెండు దినములు పట్టెడిది. మూటలో ఉత్తరములే కాదు, మందులును పనిముట్లును ఉండెడివి. ఆ సేవకు రావలసిన కూలి కొఱకు అతడు వాషింగ్టను నగరము వఱకు పోయి ప్రార్థించెను, ఫలము లేకపోయెను. 1876 లో మరణించెను.

ఇతనికెన్ని దినములు? ఎవరును వ్రాసియుంచలేదు. అతనికి అది క్రీడ కాదు. మన దేశమున చిరుగంటలు కట్టిన కఱ్ఱ పట్టుకొని అడవిదారుల పరుగెత్తిన తపాలా బంట్రోతునకు పరుగు వ్యాయామము కానట్లే. ఇట్టి దినము నిజమైనదా కాదా యని యడుగుటకే మనకు నోరు రాదు. ఏల? ఆ దినమునకు లోపల నొక పని యున్నది. ఉత్తరము చేరెనా లేదా అనునదియే దాని పరీక్ష. పని తొలగించి క్రీడ మాత్రమే మిగిల్చుకొనినప్పుడు పరీక్షయు తొలగినది. అది పోయిన చోట సంఖ్య వచ్చి కూర్చున్నది. సంఖ్య నిందించుటకు మేమీ మాట చెప్పుటలేదు. పనిలేని విద్యకు, అనగా ఆనందము కొఱకే చేయు విద్యకు, ఏదో యొక కొలత కావలసివచ్చుట సహజము. అదే సీమవాడైన సోండ్రె నూర్‌హైమ్, 1868 లో క్రిస్టియానియా నగరమున జరిగిన పందెమున నలువది దాటిన వయస్సున గెలిచి దేశమంతట పేరుపొందిన బీద పాలికాపు, 1884 లో బ్రదుకుతెరువు కొఱకు అమెరికాకు పోయి డకోటా మైదానములలో కాపురముండెను. అక్కడ చెప్పుకొనదగిన వాలు నేల లేదు. 1897 లో మరణించువఱకు అతని శీతకాలములను దినములతో లెక్కించినచో నేమి తేలును? విద్య అతనిలో నుండెను, దినములు మాత్రము లేకుండెను.

లిఫ్టుల మాటకు వత్తము. మొదట జారదలచినవాడు ఎక్కవలసియే యుండెను. స్కీ క్రింద సీలు చర్మపు పట్టీలు కట్టెడివారు. వెండ్రుకలు వెనుకకు తిరిగియుండుటచే స్కీ ముందుకు జారును గాని వెనుకకు జారదు. నేడును కాలినడకను ఎక్కువారు నైలానుతోను మేకబొచ్చుతోను చేసిన పట్టీలను వాడుచున్నారు. ఈ విధమున గట్టివాడు గంటకు మూడు నాలుగు వందల మీటర్ల యెత్తు ఎక్కగలడు. పొద్దంతయు ఎక్కి, కొన్ని నిమిషములు దిగుట యన్నమాట. 1934 లో స్విట్జర్లండులోని దావోస్ పట్టణమున ఎర్న్‌స్ట్ కాన్‌స్టామ్ అను నింజనీరు మనుష్యులను త్రాటితో పైకి లాగు యంత్రమును నిర్మించెను. 1936 లో అమెరికాలో ఐడహో రాష్ట్రమున సన్ వ్యాలీలో మొట్టమొదటి కుర్చీ లిఫ్టు నడచినది. దానిని కల్పించిన జేమ్స్ కరన్ అరటిగెలలను ఓడలకెక్కించు కొక్కెముల యేర్పాటును మనసునందుంచుకొని, గెలకు మారుగా కుర్చీని వ్రేలాడదీసెను. గెలవలె ఎక్కి దొరవలె దిగవచ్చునని తెలిసిన పిమ్మట, దినమునకు రెండుమారులు దిగెడివాడు ఇరువదిమారులు దిగసాగెను. పాతవారు ముక్కుపై వ్రేలిడిరి. చెమటలేని దినము దినమా యనిరి.

ఆ పాతవారిని సైతము అంతకు పూర్వులు ఒప్పుకొనలేదను సంగతి ఇచట చెప్పవలెను. నార్వేవారి దృష్టిలో స్కీయింగనగా అడవులగుండ దూరము పోవుట, గట్టుపైనుండి దుముకుట. ఆల్ప్సు కొండలలో నిట్టనిలువుగ దిగుటయే పనిగా పెట్టుకొనిన వారిని వారు చిరకాలము అసలైన స్కీయరులుగ నెంచలేదు. 1922 లో ఆర్నల్డ్ లన్ అను నాంగ్లేయుడు ముర్రెన్ గ్రామమున జెండాల నడుమ మలుపులు తిరుగు పందెమును ఏర్పఱచెను. 1924 లో షమోనీలో జరిగిన మొదటి శీతకాలపు ఒలింపిక్సులో దిగుడు పందెములు లేనేలేవు. 1936 లో గార్మిష్‌లో వానిని చేర్చినప్పుడు ఒక వింత జరిగెను. నార్వేవాడైన బిర్గెర్ రూడ్, గట్టుపైనుండి దుముకుటలో జగజ్జెట్టి, దిగుడు పందెమున గూడ అందఱికంటె ముందు వచ్చెను. మలుపుల పందెమును కలిపిన లెక్కలో మాత్రము నాలుగవవాడయ్యెను. అది స్కీయింగే కాదనిన దేశమువాడే దానిలో మొదటివాడయ్యెను!

ఆ ఒలింపిక్సుననే మఱొక శాసనము మనకింకను బాధకరముగ తోచుచున్నది. స్కీయింగు నేర్పి జీతము తీసికొను ఉపాధ్యాయులు వృత్తిపరులు గనుక పందెములకు అనర్హులని నిర్వాహకులు నిర్ణయించిరి. ఆ కారణముచే ఆస్ట్రియా, స్విట్జర్లండు దేశముల దిగుడుగాండ్రు పాల్గొనరైరి. ఏడాదిలో వందల దినములు మంచుపైనే బ్రదుకువాని దినము లెక్కకు రాదట. సెలవులకు వచ్చిన శ్రీమంతుని దినము వచ్చునట! కూలి పుచ్చుకొనినంత మాత్రమున దినము మలినమగునను భావము మన దేశమునకును క్రొత్తది కాదు. సంగీతమున, నాట్యమున దానిచే పాడైన బ్రదుకులను మనమెఱుగుదుము. ఏది నిజమైన దినము అను ప్రశ్నలో నెవరు నిజమైనవారు అను ప్రశ్న దాగియుండునని దీనివలన తేటపడుచున్నది. అందుచేతనే ఈ వాదమును వట్టి కాలక్షేపమని త్రోసివేయుట మాకిష్టము లేదు.

ఇపుడు నేర్చుకొనువాని సంగతి. మొదటి దినమున పిల్లవాలుపై, అనగా కొత్తవారికై యుంచిన కొద్దిపాటి వాలుపై, అతడు ఇరువదియడుగులు జారి పడును, లేచును, మరల పడును. స్కీలముందు కొనలను దగ్గరచేర్చి వెనుకకొనలను ఎడముచేసి వేగమును తగ్గించుకొనుటయే వాని విద్య యంతయు. సాయంకాలమునకు వాడు దిగిన యెత్తు ఒక మేడ యెత్తు కూడ కాకపోవచ్చును. ఎత్తుల లెక్క ప్రకారము వానిది దినమే కాదు. కాని వాని యేడాది యంతటిలో, ఒకవేళ వాని జన్మమంతటిలో, అంతటి దినము మరల రాదు. నూఱవ దినము నూటొకటవ దినమువలె నుండును. మొదటి దినము మఱిదేనివలెను ఉండదు. ఈ యొక్క యుదాహరణముతోనే ఎత్తులను, గంటలను నమ్ముకొనిన శాసనములన్నియు కూలుచున్నవి.

మా తెలుగువారికి ఈ యనుభవము నేడు చాలమందికి కలుగుచున్నది. దుబాయి నగరమున 2005 లో ఒక అంగడిసముదాయము లోపల, వెలుపల నిప్పులు చెఱుగు ఎండ కాయుచుండగా, మంచుగది నొకదానిని తెఱచిరి. అందు 400 మీటర్ల పొడవుగల వాలు కలదు. అమెరికాలోని న్యూజెర్సీలో, తెలుగు మాట వీధులలో వినబడు సీమకు చేరువలోనే, 2019 డిసెంబరులో అట్టి మఱియొక మంచుశాల వెలసినది. కరీంనగరమునుండియో గుంటూరునుండియో పోయినవారు తమ బిడ్డలతో కలిసి మొదటిమారు స్కీలు తొడుగుట ఇట్టి చోట్లనే తటస్థించుచున్నది. ఆకాశము లేదు, గాలి లేదు, చెట్టు లేదు, మంచు మాత్రమున్నది. అదియు యంత్రము చేసినది. కొండలవారు దీనిని చూచి నవ్వుదురు. మేమా నవ్వులో పాలుపంచుకొనము. కాలు జారినప్పుడు కలుగు భయమునకు కప్పున్నదో లేదో తెలియదు. కాని ఆ తండ్రియే తరువాత నెపుడైన నొక నిజమైన కొండపై నిలిచి, గాలి మొగమున కొట్టగా, ఎదుట పొగమంచులో దారి కనబడక నిలిచిపోయినప్పుడు, మొదట తాను చేసినదానికిని దీనికిని గల భేదమును ఇతరులు చెప్పకయే తెలిసికొనును. తెలిసికొనిన పిమ్మట పాతదినమును కొట్టివేయ నక్కఱలేదు. బడిలో పలకపై దిద్దిన ఓనమాలను ఎవరు కొట్టివేయుదురు?

కొట్టివేయదగినవి వేఱే యున్నవి. అమెరికా వాయవ్య భాగమున కొందఱు ఏడాదిలో ప్రతి మాసమునను ఒక్క దినమైనను స్కీయింగు చేయవలెనని నియమము పట్టుదురు. ఆగస్టు, సెప్టెంబరు మాసములలో రైనియరు పర్వతమువంటి వాని పైభాగమున కరగక మిగిలిన మురికిమంచు పాదల కొఱకు గంటలకొలది బూట్లు మోసికొని నడతురు. అక్కడ పది మలుపులు తిరిగినచో మాసము గడచినట్లే. చూచువారికి వెఱ్ఱి యనిపించును. కాలరాడోలో రాత్రివేళ మంచుబాటలను చదునుచేయు యంత్రమును నడుపు నొక కార్మికుడు 2003 నవంబరు మొదలుకొని 2012 జనవరి వఱకు ఒక్క దినమును తప్పక 2,993 దినములు స్కీయింగు చేసెను. ఉత్తరమున వేసవి వచ్చినప్పుడు దక్షిణ అమెరికాకు పోయెను. తుదకు గుండెకొట్టుకొను తీరు చెడుటచే వైద్యుల మాటపై మానెను. వీరి దినములలో ననేకములు యంత్రపు లెక్కలోను, ఎత్తుల లెక్కలోను తేలికయైనవే యై యుండును. ఐనను మేము వానిని కొట్టివేయము. ఏలయన, వీరు నియమమును ముందుగా చెప్పి తరువాత దినమును గడపిరి. దినము గడచిన పిమ్మట, సాయంకాలము పొయ్యిదగ్గర కూర్చుండి, నేటిది దినమగుటకు ఏ నియమము చాలునా యని వెదకువానికిని వీరికిని చాల భేదము కలదు. ఉదయము చేసిన నియమము యజమానుడు. సాయంకాలము చేసినది వకీలు.

తన లెక్కను తాను తప్పుగా వ్రాసికొనినచో నష్టమెవరికి? అబద్ధమునకు పరుడు కావలెను గదా, ఇచట వాడు లేడు గదా, అని యొక పూర్వపక్షము. దీనికి తొందరపడి నీతులు చెప్పుట మాకిష్టము లేదు. తన డైరీలో తొంబదియాఱును నూరుగ మార్చుకొనినవాడు దొంగ కాడు. కాని ఆ సంఖ్య డైరీలో నిలుచునది కాదు. అది నోటికి వచ్చును. క్రొత్తగా కలిసిన నలుగురు కలిసి యొక నిట్టనిలువు చరియకు పోదలచినప్పుడు ఒకరినొకరు అడుగు మొదటి ప్రశ్న అదియే: నీకెన్ని దినములు? ఆ సంఖ్యను నమ్మి వారు ముందు పోవువానిని ఎన్నుకొందురు, వెనుక నుండువానిని ఎన్నుకొందురు. కాఫీశాలలో గడచిన దినములు, వకీలు నియమముతో చేరిన దినములు, అన్నియు అపుడు విద్యగా చెలామణి యగును. చెల్లని నాణెమును జేబులో నుంచుకొనుట నేరము కాకపోవచ్చును. అంగడిలో నిచ్చునప్పుడు గదా నేరమగును! ఇచట అంగడి యనగా ప్రాణము.

ఇంతకంటె గూఢమైన కీడొకటి కలదు. అదియే మమ్మీ విషయమును వ్రాయ పురికొల్పినది. కొండచరియపై మంచు ఒక్కమారుగ కురిసినది కాదు. పొరలు పొరలుగ పేరుకొనినది. చలి యెక్కువై మంచు తక్కువగనున్న రోజులలో అడుగుపొర చక్కెర పలుకులవలె విడివిడిగ మాఱును. దానిపై క్రొత్త మంచు బరువుగ పడినపుడు, మనుష్యుని బరువొక్కటియే చాలును: పై పలక విరిగి చరియయంతయు జారును. ముప్పదికిని నలువదియైదు డిగ్రీలకును నడుమనున్న వాలులలో నిది యెక్కువ; అనగా స్కీయింగునకు మిక్కిలి సొగసైన వాలులలోనే. క్రింద చిక్కినవానిని పది పదునైదు నిమిషములలో వెలికి తీయనిచో బ్రదుకు ఆశ వేగముగ తగ్గిపోవును. అందుచే మంచుదేశములలో ప్రతి యుదయమును ప్రమాదమును ఒకటినుండి ఐదు వఱకు అంకెలతో ప్రకటింతురు. నాలుగు, ఐదు అన్న దినములలో జనులు తామే వెనుదీయుదురు. మూడు అన్న దినముననే చాల చావులు కలుగుచున్నవి. మూడనునది మనసునకు వకీలు దొరకు సంఖ్య.

ఇపుడొక మనుష్యుని ఊహింతము. తెల్లవారకమున్నే లేచినాడు. మూడు గంటలు చర్మపు పట్టీలతో ఎక్కినాడు. శిఖరము దగ్గర మంచును త్రవ్వి చూడగా అడుగున చక్కెరపొర కనబడినది. ఎదుట నెవరును త్రొక్కని చరియ మెఱయుచున్నది. అతడు వెనుదిరిగి, వచ్చినదారినే, చెట్ల నడుమనున్న చదునునేలపై అడుగులో అడుగు వేయుచు దిగివచ్చినాడు. మలుపులు పట్టుమని పది లేవు. ఇది దినమా, కాదా? కాదను శాసనమును అతడు మనసున పెట్టుకొని బయలుదేరియుండినచో, ఆ చరియముందు నిలిచిన క్షణమున ఆ శాసనము అతనిని క్రిందికి త్రోయును. మూడు గంటలు వ్యర్థమగునను బాధ, డైరీలో ఖాళీ, స్నేహితుల చిఱునవ్వు, ఇవన్నియు కలిసి యొక చేయియై వీపున తాకును. మేము నిస్సంశయముగ చెప్పుదుము: అట్టి దినమును లెక్కలో చేర్చని శాసనము ఏదైనను, అది యెంత కఠినముగ, ఎంత గంభీరముగ కనబడినను, చెడ్డ శాసనము. కఠినమైన శాసనములే మంచివను భ్రమ మనకు వ్రతముల విషయమునను కలదు. ఉపవాసముచే మూర్ఛపోయిన బాలింతను మెచ్చుకొను అత్తలు మనలో నుండిరి. కొండ కాదనినప్పుడు వినుట స్కీయింగులో భాగమా కాదా యని యడిగినచో, ముదిమి వఱకు బ్రదికిన మార్గదర్శకులు అదియే ముఖ్యభాగమందురు. బ్రదుకనివారిని అడుగు వీలులేదు.

కాశ్మీరములోని గుల్‌మర్గునకు ఈ మాటలన్నియు వర్తించును. 1927 లో ఆంగ్లేయాధికారులు అక్కడ స్కీ సంఘము నేర్పఱచిరి. 1998 లో మొదటి తీగమార్గమును, 2005 లో రెండవదియు నడచినవి. ఇపుడు అఫర్వట్ కొండపై సుమారు 4,000 మీటర్ల యెత్తు వఱకు కూర్చుండి పోవచ్చును. పైన చదునుచేసిన బాటలు తక్కువ, అడవి మంచు ఎక్కువ. 2023 ఫిబ్రవరి మొదటి తేదిని అఫర్వట్ చరియలో మంచు విరిగిపడి ఇద్దఱు పోలండు దేశీయులు మరణించిరి. వారేమి తలచి యా చరియకు పోయిరో మనకు తెలియదు. మరణించినవారికి తప్పులు కట్టుట తగదు. ఆ దినమున ఎవరెవరు వెనుదిరిగిరో ఆ పేర్లు మాత్రము ఏ పత్రికలోను రాలేదు. రావు గూడ.

ఇంతవఱకు మేము విహారమునకు వచ్చువారి దినములనే చెప్పితిమి. గుల్‌మర్గులో దినములను లెక్కించువారు వేఱొకరును కలరు. చెక్కబండిపై యాత్రికులను కూర్చుండబెట్టి మంచుమీద లాగువారు, గుఱ్ఱములవారు, బూట్లును స్కీలును అద్దెకిచ్చువారు, వాలుపై పిల్లలను చేయిపట్టి నడపించువారు. చుట్టుప్రక్కల గ్రామములనుండి తెల్లవారుసరికి వత్తురు. వీరి శీతకాలము మూడు నెలలు. ఆ మూడు నెలల సంపాదనపై ఏడాదిలో పెద్దభాగము గడచును. వీరి లెక్కలో సందేహమేమియు లేదు: కూలి వచ్చినది దినము, రానిది కాదు. 1936 నాటి నిర్వాహకులు ఏ దినమును కొట్టివేసిరో ఆ దినమే వీరికి గల యొక్క దినము.

2024 జనవరిలో గుల్‌మర్గున మంచు పడలేదు. నడిశీతకాలమున పచ్చిక మైదానము ఎండి గోధుమవన్నెగ పరచుకొనియుండెను. స్కీయింగు కొఱకు వచ్చినవారు ఛాయాచిత్రములు తీసికొని తిరిగిపోయిరి; వారి డైరీలలో ఆ మాసమున ఒకటి రెండు దినములు తగ్గియుండును. బండ్లవారు బండ్లను గోడలకు ఆనించి కూర్చుండిరి. ఫిబ్రవరికి మంచు వచ్చినది. ఆ నెల 21 వ తేది మొదలు 25 వఱకు దేశమందలి శీతకాలపు ఆటలపోటీలు అక్కడనే జరిగినవి. జనవరిలో పోయిన దినములను మాత్రము బండ్లవారు ఏ నియమముచేతను మరల లెక్కలోనికి తెచ్చుకొనలేకపోయిరి.